వస్తుదోషము – నిర్మాత ప్రతివాదములు: హోసూరు, కృష్ణగిరి సీమలనుండి ఒక చారిత్రక పరిశీలనము

తమిళనాటి వాయవ్యపు టంచున, కర్ణాటకాంధ్ర రాష్ట్రముల పొలిమేరలను తాకుచు హోసూరు, కృష్ణగిరి సీమలు నెలకొని యున్నవి. తెలుగు, కన్నడము, తమిళము ఈ మూడు భాషలును ఇచ్చటి సంతలలో ఏకకాలమున వినవచ్చుచుండును. ఒకప్పుడు సేలం జిల్లాలో భాగముగ నుండిన ఈ ప్రాంతము 1965లో ధర్మపురి జిల్లాలో చేరినది; 2004 ఫిబ్రవరి 9న కృష్ణగిరి ముఖ్యపట్టణముగ ప్రత్యేక జిల్లాగ నేర్పడినది. ఈ సీమకు రెండు జీవనాధారములు కలవు. మొదటిది కృషి: కృష్ణగిరి చుట్టుపట్ల మామిడితోటలు, తోతాపురి కాయనుండి గుజ్జు తీయు కర్మాగారములు, కూరగాయల మడులు, రాగిచేలు. రెండవది యంత్రపరిశ్రమ: 1970ల దశకమున సిప్‌కాట్ పారిశ్రామికవాడ వెలసిన పిదప హోసూరునకు అశోక్ లేలండ్, టీవీయస్, టైటాన్ వంటి పెద్ద సంస్థలు వచ్చెను. వాటిని ఆశ్రయించి బోల్టులు, గేర్లు, పోతపని సామగ్రి, రబ్బరు భాగములు చేయు చిన్న కర్మశాలలు అనేకములు పుట్టెను.

కావున ఒకే కుటుంబమున అన్న విత్తనములు కొను రైతుగను, తమ్ముడు లేతు యంత్రముపై విడిభాగములు తఱచు పనివాడుగను ఉండుట ఈ సీమలో వింత కాదు. వస్తువు చెడినప్పుడు అన్న నష్టపరిహార మడుగువాడు. తమ్ముని యజమాని దానికి సమాధానము చెప్పవలసినవాడు. ఆ సమాధానములెట్టివి? అవి ఎప్పుడు పుట్టెను, ఏవి న్యాయస్థానములందు నిలిచెను, ఏవి కూలిపోయెను? ఈ ప్రశ్నకు చరిత్ర యిచ్చు ప్రత్యుత్తరము ఇరువురికిని అవసరమైనదే.

1. ధర్మశాస్త్రములందలి క్రయవిక్రయానుశయము

దోషముగల వస్తువును గుఱించిన వివాదము ఈ దేశమునకు క్రొత్తది కాదు. ధర్మశాస్త్రకారులు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో క్రయవిక్రయానుశయ మొకటి. అనుశయమనగా పశ్చాత్తాపము: కొని లేక అమ్మి పిదప విచారపడుట. మనువు దీనికి పదిదినముల గడువు నొసగెను. యాజ్ఞవల్క్యుడు వస్తుభేదము ననుసరించి గడువును విభజించెను. ఆయన మతమున విత్తనములను పరీక్షించుటకు పదిదినములు, ఇనుమునకు ఒకదినము, బండిలాగు పశువులకు ఐదుదినములు, రత్నములకు ఏడుదినములు, పాడిపశువులకు మూడుదినములు. దాసదాసీజనమును సైతము పణ్యముగ నెంచిన కాలమగుటచే వారికిని గడువులు చెప్పబడినవి. ఈ స్మృతికి కల్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు మితాక్షరయను వ్యాఖ్య వ్రాసెను. పదమూడవ శతాబ్దమున కేతన దానిని విజ్ఞానేశ్వరమను పేర తెలుగు చేసెను. ఆ విధముగ ధర్మశాస్త్ర వ్యవహారము తెలుగువారికి తమ భాషలోనే అందెను.

ఈ గడువుల వెనుకనున్న యూహ సులభగ్రాహ్యము. ఇనుము గుణము కొలిమిలో పెట్టిననాడే బయటపడును. ఎద్దు బలము నాలుగైదు దినములు కాడి మోసిన గాని తెలియదు. విత్తనమో, మన్నులో పడి మొలకెత్తినప్పుడే తన సత్తువను చూపును. దోషము బయటపడుటకు ఎంతకాలము పట్టునో అంతకాలము కొనినవానికి హక్కు నిలుచుననుట దీని సారము. ఆ గడువు దాటిన తర్వాత అమ్మినవాడు నిర్భయుడు. నేటి న్యాయవాదులు కాలదోషమనుదానికి మూలమిచ్చటనే కన్పట్టుచున్నది.

నారదుడు ఇంకొక మెట్టు ముందునకు పోయెను. కొనువాడు వస్తువును తానే ముందుగ పరీక్షింపవలెననియు, పరీక్షించి మెచ్చికొనిన వస్తువును తిరిగి ఇచ్చివేయరాదనియు ఆయన చెప్పెను. ఇది అమ్మువానికి రక్షణ. కాని మంచి సరకును చూపి చెడ్డ సరకు నిచ్చినవాడు కొనువానికి వెల రెండింతలు చెల్లించి, రాజునకు అంత దండుగయు కట్టవలెనని కూడ ఆయనయే శాసించెను. కౌటిల్యుడు అర్థశాస్త్రమున బేరమునుండి వైదొలగుటకు వర్తకులకు ఒకరాత్రి, కర్షకులకు మూడురాత్రులు, గోరక్షకులకు ఐదురాత్రులు గడువిచ్చెను. అమ్మిన సరకును అప్పగింపనివానికి పండ్రెండు పణముల దండము విధించుచు, మూడు మినహాయింపులను పేర్కొనెను. అవి దోషము, ఉపనిపాతము, అవిషహ్యము. రాజు, దొంగ, అగ్ని, నీరు వీనివలన కలుగు బాధ ఉపనిపాతము. దీనినే తరువాతివారు దైవరాజికమనిరి. నష్టము తనచేతిలోనిది కాదను ప్రతివాదము ఎంత పురాతనమో దీనివలన స్పష్టము.

2. ఆంగ్లన్యాయము: కొనువాడే మెలకువగ నుండవలెను

1792 నాటి శ్రీరంగపట్టణపు సంధివలన బారామహలు ఈస్టిండియా కంపెనీవారి చేతికి వచ్చెను. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకుడు థామస్ మన్రో కృష్ణగిరి మొదలగు తావులలో భూమి కొలిపించి శిస్తు నిర్ణయించిరి. 1799లో టిప్పుసుల్తాను పతనానంతరము హోసూరును కంపెనీ పాలనలో చేరెను. క్రమముగ ఆంగ్లన్యాయ సంప్రదాయము వ్యాపారవ్యవహారములకు ఆధారమయ్యెను. 1872 నాటి కాంట్రాక్టు చట్టమున 76 మొదలు 123 వరకుగల సెక్షన్లు విక్రయమునకు సంబంధించినవి. 1930లో వాటి స్థానమున ప్రత్యేకముగ వస్తువిక్రయ చట్టము వచ్చెను.

ఆ చట్టపు 16వ సెక్షను ఆరంభమున ఆంగ్లేయుల ప్రాచీనసూత్రమే కలదు: నాణ్యమును గుఱించి అమ్మినవాడు మాటయియ్యనంతవరకు బాధ్యుడు కాడు. దానికి రెండు ముఖ్యమైన మినహాయింపులు చేయబడెను. కొనువాడు తన యవసరమును తెలిపి, అమ్మువాని నేర్పుపై ఆధారపడినయెడల సరకు ఆ యవసరమునకు తగియుండవలెను. వర్ణనను నమ్మి కొనిన సరకు విక్రయయోగ్యమై యుండవలెను. ఐతే కొనువాడు సరకును పరీక్షించియున్నచో, ఆ పరీక్షలో బయటపడదగిన దోషమునకు అమ్మువాడు బాధ్యుడు కాడు. ఇది నారదుని మాటయే. వేఱువేఱు దేశములందు, వేఱువేఱు కాలములందు న్యాయకర్తలు ఒకే నిశ్చయమునకు వచ్చియుండుట గమనింపదగినది.

3. ఒడంబడికయను కోట

యంత్రయుగమున నిర్మాతకును వాడుకరికిని నడుమ దూరము పెరిగెను. వస్తువు చేసినవాడొకడు, అమ్మినవాడొకడు, కొనినవాడొకడు, వాడి గాయపడినవాడు వేఱొకడు. అప్పుడు నిర్మాతలకు అన్నిటికంటె బలమైన ప్రతివాదము దొరకెను: ‘నీకును నాకును ఒడంబడిక లేదు’. 1842లో ఇంగ్లండున వింటర్‌బాటం, రైట్ అనువారి వ్యాజ్యమున ఇది స్థిరపడెను. తపాలాబండి విఱిగి గాయపడిన బండివాడు, ఆ బండిని సరఫరాచేసి బాగుచేయు బాధ్యత వహించినవానిపై దావా వేసెను. కాని ఆ ఒడంబడిక తపాలాశాఖాధిపతితో జరిగినదే గాని బండివానితో జరిగినది కాదు. ఇట్టి దావాల నంగీకరించిన వానికి హద్దు ఉండదని న్యాయమూర్తి లార్డ్ అబింజర్ భయపడెను. బండివాడు ఓడెను.

ఈ కోట డెబ్బదినాలుగేండ్లకు అమెరికాలో బీటలు వారెను. 1916లో న్యూయార్కు అప్పీళ్ల న్యాయస్థానమున బ్యూక్ మోటారు సంస్థపై వచ్చిన వ్యాజ్యమది. కారుచక్రపు కొయ్య ఆకులు విఱిగి కారు కొనినవాడు గాయపడెను. చక్రము తాము చేసినది కాదనియు, వేఱొక నిర్మాతనుండి కొనినదనియు, కారు అమ్మినది వ్యాపారికే గాని గాయపడినవానికి కాదనియు సంస్థ వాదించెను. న్యాయమూర్తి కార్డోజో ఈ రెండు వాదములను త్రోసిపుచ్చెను. అశ్రద్ధతో చేసినచో ప్రాణహాని కలిగింపగల వస్తువును చేసి, పరీక్షింపక లోకములోనికి పంపినవాడు, దానిని వాడువారికి బాధ్యుడని ఆయన తీర్పు. విడిభాగములు చేయించి కూర్చు సంస్థలున్న హోసూరువంటి పట్టణమునకు ఈ తీర్పు ఎంత దగ్గరిదో చెప్పనక్కరలేదు.

1932 మే 26న బ్రిటిషు ప్రభువులసభ ఇంకొక తీర్పు చెప్పెను. స్కాట్లండులోని పైజ్లీ పట్టణమున 1928లో ఒక స్త్రీకి ఆమె స్నేహితురాలు అల్లపు పానీయము కొనియిచ్చెను. లోపల ఏమున్నదో కనబడని రంగుసీసా అది. సగము త్రాగిన తర్వాత చివికిన నత్త బయటపడెనని ఆమె ఫిర్యాదు. వెల చెల్లించినది ఆమె కాదు. కావున ఒడంబడికయే లేదు. ఐనను మూతవేసిన సీసాను నడుమ నెవరును పరీక్షించు వీలులేనప్పుడు, దానిని నింపినవాడు త్రాగువానియెడ జాగ్రత్త వహింపవలెనని లార్డ్ అట్కిన్ ప్రభృతులు నిర్ణయించిరి. ముగ్గురు ఒకవైపు, ఇద్దరు వేఱొకవైపు నిలిచిన తీర్పది. కృష్ణగిరి ప్రాంతమున మామిడిగుజ్జును డబ్బాలలో, పీపాలలో బిగించి పంపువారు ఈ సూత్రము నీడలోనే వ్యాపారము చేయుచున్నారు. మూతబడిన పాత్రకు పరీక్షావాదము చెల్లదు.

4. విత్తనముల వ్యాజ్యము

భారతదేశమున 1986 డిసెంబరు 24న వినియోగదారుల రక్షణ చట్టమునకు రాష్ట్రపతి యామోదము లభించెను. సివిలు కోర్టు ఖర్చునకు, జాప్యమునకు వెఱచి మౌనముగ నుండిన సామాన్యునకు జిల్లా ఫోరములు ద్వారము తెఱచెను. ఆ ద్వారమున ప్రవేశించినవారిలో తెలుగురైతులు ప్రముఖులు. నిర్మాతల ప్రతివాదములన్నియు ఒకేచోట పరీక్షకు వచ్చిన సందర్భమును తెలిసికొనుటకు ఆంధ్రదేశపు విత్తనవ్యాజ్యములే తగినవి.

1998లో మహారాష్ట్ర హైబ్రిడ్ సీడ్స్ కంపెనీ వ్యాజ్యమున ఆంధ్రప్రదేశ్ రైతులు కొనిన ప్రొద్దుతిరుగుడు విత్తనములు ప్రశ్నకు వచ్చెను. విత్తనమును ప్రయోగశాలకు పంపి పరీక్షింపలేదు కావున దోషము ఋజువు కాలేదని కంపెనీ వాదము. రైతు కొనిన విత్తనమంతయు చల్లివేసియుండగా పంపుటకేమి మిగులును? తన యొద్ద నమూనా ఉంచుకొనిన కంపెనీయే పరీక్ష కోరియుండవలసినదని సుప్రీంకోర్టు భావించెను.

2012 జనవరి 16న నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ అప్పీళ్లలో న్యాయమూర్తులు జి. యస్. సింఘ్వీ, యస్. జె. ముఖోపాధ్యాయ ఈ విషయమును సమగ్రముగ విచారించిరి. ఆంధ్రప్రదేశ్‌లోని వివిధ జిల్లాల రైతులు నాసివిత్తనముల వలన పంట నష్టపోయితిమని పరిహారము పొందియుండిరి. ఆ యుత్తర్వులపై సంస్థ తెచ్చిన ప్రతివాదములు వరుసగ నిట్లున్నవి. మొదటిది: రైతులు విత్తనమును వ్యాపారార్థము కొనిరి, కావున వారు వినియోగదారులు కారు. రెండవది: ఒడంబడికలో మధ్యవర్తితీర్పునకు ఏర్పాటున్నది, కావున ఫోరమునకు అధికారము లేదు. మూడవది: 1966 నాటి విత్తనముల చట్టమున ప్రత్యేక పద్ధతి యున్నది, దానినే యాశ్రయింపవలెను. నాల్గవది: ప్రయోగశాల పరీక్ష జరుగలేదు.

న్యాయస్థానము నాలుగింటిని తిరస్కరించెను. స్వయముగ పాటుపడి జీవనము సాగించుకొనుటకు విత్తనము కొను రైతు వినియోగదారుడే. మధ్యవర్తిని కోరుట ఐచ్ఛికము. అది వినియోగదారుల చట్టము నీయు హక్కును హరింపదు. విత్తనముల చట్టము నేరస్థుని శిక్షించునే గాని రైతునకు పరిహారమీయదు. పరీక్ష విషయమున, విత్తనము మొత్తమును చల్లివేయు రైతు, దోషమును ముందుగ నూహించి కొంత దాచియుంచునని ఎదురుచూడరాదు. 1968 నాటి విత్తననియమముల ప్రకారము అమ్మువాడు ప్రతి లాటు వివరములను మూడేండ్లు భద్రపఱుపవలెను. లాటు మొత్తము అమ్ముడైన యేడాది వఱకు నమూనా ఉంచవలెను. సాక్ష్యము ఎవని యొద్ద నున్నదో, పరీక్షించు భారమును వానిదే.

ఐతే ప్రతివాదములన్నియు ఓడిపోయెననుట సత్యము కాదు. 2005లో హర్యానా సీడ్స్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ వ్యాజ్యమున పంటను పరిశీలించిన సంఘము తన నివేదికలో విత్తనము నాసిరకమని చెప్పలేదు. పంట సరిగ రాకపోవుటకు ఇతర కారణములును ఉండవచ్చునని సుప్రీంకోర్టు తలచి, రైతునకు విరుద్ధముగ తీర్పుచెప్పెను. వాన, నేల, ఎరువు, తెగులు – కౌటిల్యుని ఉపనిపాతము ఈ రూపమున నేటికిని జీవించియున్నది. పొలమున నిలిచిన పంటను వ్యవసాయాధికారి చూచి వ్రాసిన నివేదికయే ఇట్టి వ్యాజ్యములకు ప్రాణము. పంట పీకివేసిన పిదప ఆ ప్రాణము ఎవరును పోయజాలరు.

5. 2019 నాటి చట్టము

2019లో పార్లమెంటు క్రొత్త వినియోగదారుల రక్షణ చట్టమును చేసెను. అది 2020 జులై 20న అమలులోనికి వచ్చెను. అందలి ఆఱవ అధ్యాయము, 82 మొదలు 87 వరకుగల సెక్షన్లు, ఉత్పత్తి బాధ్యతను మొదటిసారిగ ప్రత్యేకముగ నిర్వచించినవి. 84వ సెక్షను ప్రకారము ఐదు సందర్భములలో నిర్మాత బాధ్యుడు: తయారీలో దోషము, నమూనాలో దోషము, నిర్ణీతప్రమాణమునుండి తొలగుట, ఇచ్చిన హామీని తప్పుట, వాడుకకు తగిన సూచనలుగాని హెచ్చరికలుగాని ఈయకుండుట. హామీ యిచ్చుటలో తాను అశ్రద్ధ చేయలేదని, మోసగింపలేదని ఋజువుచేసినను, హామీ తప్పిన నిర్మాత తప్పించుకొనజాలడు.

87వ సెక్షను రక్షణలను చెప్పును. హానికాలమున వస్తువును దుర్వినియోగము చేసియుండినను, మార్చియుండినను అమ్మినవానిపై దావా నిలువదు. పనిచేయుచోట వాడుటకు యజమాని కొనిన వస్తువు విషయమున, నిర్మాత ఆ యజమానికి హెచ్చరికలు ఇచ్చియుండినచో బాధ్యత లేదు. నిపుణుని పర్యవేక్షణలోనే వాడవలసిన వస్తువునకు నిపుణునికి హెచ్చరిక చేరవేసినచో చాలును. మద్యపు మత్తులో, లేక వైద్యుడు వ్రాయని మందు ప్రభావమున వాడినవాడు ఫిర్యాదు చేయజాలడు. ఎల్లరకు తెలిసిన ప్రమాదమును గుఱించి హెచ్చరింపలేదని నిర్మాతను తప్పుపట్టరాదు. 1985 నాటి ఐరోపా ఆదేశములో, నాటి శాస్త్రజ్ఞానమునకు దోషము అంతుచిక్కలేదను వాదమునకు చోటుండెను. భారతచట్టపు 87వ సెక్షనున ఆ వాదము పేర్కొనబడలేదు.

ఈ చట్టమున ‘హాని’యను పదమునకు గల నిర్వచనమును గమనింపవలెను. వస్తువునకే కలిగిన నష్టము, వ్యాపారసంబంధమైన లేక ఆర్థికమైన నష్టము అందు చేరవు. నాసివిత్తనము వలన పంట పోయిన రైతునకు ఈ యధ్యాయముకంటె దోషవస్తువును గుఱించిన సాధారణ ఫిర్యాదే అనుకూలమైన మార్గము. ఫిర్యాదును రెండేండ్లలోపల వేయవలెను. ఫిర్యాది తాను నివసించుచోటనే, లేక పనిచేయుచోటనే దానిని దాఖలు చేయవచ్చును. నిర్మాత యుండు దూరనగరమునకు పోవలసిన శ్రమ కృష్ణగిరి రైతునకు తప్పినది.

ఋజువుల విషయమున న్యాయస్థానముల దృష్టి ఎట్లున్నదో 2022 ఏప్రిల్ 20న హ్యుందాయ్ మోటార్ ఇండియా వ్యాజ్యమున వచ్చిన సుప్రీంకోర్టు తీర్పు తెలుపును. కారు ఢీకొనినప్పుడు గాలిసంచులు తెఱచుకొనలేదు. ఎదుటినుండి తగినంత బలమైన తాకిడి కలుగలేదని సంస్థ వాదము. వేగబలముల లెక్కలు కట్టుటకు కారు కొనువాడు భౌతికశాస్త్రపండితుడు కాడని న్యాయస్థానము పలికి, ఆ వాదమును నిరాకరించెను.

6. హోసూరు విడిభాగముల సమస్య

హోసూరు చిన్న కర్మశాలలకు 87వ సెక్షనులోని ఒక మాట ప్రాణప్రదము. ఒక వస్తువును వేఱొక వస్తువులో భాగముగ వాడుటకు అమ్మినప్పుడు, కొనిన సంస్థకు అవసరమైన సూచనలు, హెచ్చరికలు ఇచ్చియుండినచో, తుదివస్తువు వలన కలిగిన హానికి భాగమును చేసినవాడు బాధ్యుడు కాడు. ఐతే భాగములు చేయువాడును, ఇతరులు చేసిన భాగములను కూర్చువాడును, ఇతరులు చేసినదానిపై తన ముద్ర వేయువాడును అందఱును చట్టదృష్టిలో నిర్మాతలే. కావున రక్షణ తనంతట తాను రాదు. దానిని పత్రముతో నిరూపింపవలెను. ఈ గేరు ఇంత భారమునకే తగును, ఈ రబ్బరు ఇంత వేడిమికే యోర్చునని వ్రాసియిచ్చిన కాగితము ప్రతి తన యొద్ద లేని కర్మశాల, పెద్దసంస్థ వ్రేలు తనవైపు చూపిన నాడు నిరాయుధమై నిలుచును. 1916లో బ్యూక్ సంస్థ చక్రము చేసినవానిపై నెపము మోపజూచిన ముచ్చట హోసూరులో ఎన్నడైనను పునరావృతము కావచ్చును.

7. ఉపసంహారము

ఈ సుదీర్ఘచరిత్రను పరికించినచో నిర్మాతల ప్రతివాదములు నాలుగు తెగలుగ కన్పట్టును. నీవు పరీక్షింపలేదు, నీకును నాకును సంబంధము లేదు, నీవు చెడగొట్టితివి, దైవము చెడగొట్టెను. వీనిలో రెండవది ఇంచుమించు నశించినది. మొదటిది మూతబడిన డబ్బా యెదుట, మన్నులో కలిసిన విత్తనము నెదుట బలహీనమైనది. మూడవది, నాల్గవది నేటికిని బలము గలవియే; అవి అన్యాయములును కావు. కల్తీ ఎరువు చల్లిన రైతు విత్తనము నమ్మినవానిని నిందించుట, బండికి అనుమతిలేని మార్పులు చేసినవాడు నిర్మాతను నిందించుట న్యాయము కానేరవు.

వాదముల పేరులు మారినను వాని నడుమ తీర్పు చెప్పు సూత్రము మారలేదు. దోషమును తెలిసికొనగల అవకాశము ఎవనికుండెనో బాధ్యత వానిదే. యాజ్ఞవల్క్యుడు ఇనుమునకు ఒకదినము, విత్తనమునకు పదిదినములు ఇచ్చుటలోగల వివేకము ఇదియే. 2012లో నమూనా గలవాడే పరీక్ష చేయింపవలెననుటలోగల వివేకమును ఇదియే. కావున కృష్ణగిరి రైతు విత్తనపుసంచిని, దానిపైనున్న లాటుచీటిని, బిల్లును పంట ఇంటికి వచ్చువఱకు భద్రపఱచుట, మొలక తగ్గినచో చేను దున్నకముందే వ్యవసాయాధికారిని పిలుచుట శ్రేయస్కరము. హోసూరు కర్మశాలవాడు తాను పంపిన ప్రతి భాగమునకు పరీక్షాపత్రమును, సూచనపత్రమును నిలుపుకొనుట శ్రేయస్కరము. అన్నదమ్ములిరువురును తమతమ కాగితములను జాగ్రత్తగ దాచుకొనిననాడు సత్యము తెలియుటకు న్యాయస్థానమునకు ఎక్కువకాలము పట్టదు.